టికెట్ మీద గంటా పది, మా ఇంటి నుంచి ఒక పూట

తొమ్మిదేళ్ళుగా నెలకో, రెణ్ణెల్లకో బెంగళూరు–హైదరాబాద్ విమానం ఎక్కుతున్నాను. టికెట్ మీద ఉండే ఆ "గంటా పది నిమిషాలు" చూస్తేనే నాకు ఒళ్ళు మంట. అది అబద్ధమని కాదు. విమానం ఇక్కడ కదిలిన దగ్గర్నుంచి అక్కడ ఆగేదాకా లెక్క అది. గాల్లో ఉండేది యాభై నిమిషాలే. మా ఇల్లు ఆ లెక్కలో లేదు, అదీ నా బాధ.

మేముండేది బెంగళూరు దక్షిణపు చివర, ఎలక్ట్రానిక్ సిటీలో. ఎయిర్‌పోర్టున్న దేవనహళ్ళి 50 కిలోమీటర్ల పైమాటే. హెబ్బాళ నుంచి ఎయిర్‌పోర్టుకి పోయే బళ్ళారి రోడ్డు హైదరాబాద్ రోడ్డే, 44వ నంబరు జాతీయ రహదారి. అనంతపురం, కర్నూలు మీదుగా పోయి శంషాబాద్‌లో తేలుతుంది. దేవనహళ్ళి ఊరికి ఉత్తరాన, శంషాబాద్ ఊరికి దక్షిణాన. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య గగనదూరం సుమారు 455 కిలోమీటర్లే. అటూ ఇటూ మిగిలిన దూరం మాత్రం ట్యాక్సీలో మనమే పూర్తి చేయాలి.

2019 జనవరిలో నాన్న తద్దినం. పెద్దకొడుకుని నేనే. ఆరుంబావు విమానానికి రాత్రి రెండింటికే ఇల్లు కదిలాను. యలహంక దాటగానే పొగమంచు, ముందు వెళ్ళే లారీ ఎర్ర లైటు తప్ప ఏమీ కనపడలేదు. ఎయిర్‌పోర్టు చేరాక చూస్తే మా విమానం ఇంకా రానే లేదు. చెన్నైకి మళ్ళించారని అరగంట తర్వాత పక్కాయన ఫోనులో చూసి చెప్పారు, విమాన సంస్థ వాళ్ళు ఒక్క ముక్క చెప్పలేదు. తొమ్మిదింటికి అమ్మ ఫోను: "నాన్నా, బయల్దేరావా?" తొమ్మిదిన్నరకి తమ్ముడు: "అన్నా, పంతులుగారు అపరాహ్ణం దాకా ఆగుతానన్నారు." నేను అద్దం మీద కారుతున్న నీటిచుక్కలు చూస్తూ కూర్చున్నాను. విమానం కదిలేసరికి పదీ నలభై. వనస్థలిపురంలో గుమ్మం తొక్కేసరికి ఒంటిగంట. అప్పటికే భోక్తలు వచ్చి కూర్చున్నారు, అమ్మ తడిబట్టతో వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. పదకొండు గంటలు! ముందురోజు సాయంత్రం కాచిగూడ రైలెక్కి ఉంటే తెల్లారకముందే ఇంట్లో ఉండేవాణ్ణి.

2021 నుంచి బెంగళూరు దక్షిణ రన్‌వేకి క్యాట్ 3బీ సదుపాయం, అంటే దట్టమైన మంచులోనూ విమానం దిగే వీలు, వచ్చి మంచు బాధ బాగా తగ్గింది. అయితే విమానానికీ, పైలట్లకీ కూడా ఆ అర్హత ఉండాలి.

కిటికీ సీటు సంతోషం వేరు. కర్నూలు దగ్గర తుంగభద్ర, ఆపైన కృష్ణ కనిపిస్తాయని అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడూ చెబుతాను, కాకపోతే వానాకాలమంతా మబ్బులే. మొదటి విమానంలో అయితే నిద్రే.

మీరు ఎయిర్‌పోర్టు వైపు యలహంకలోనో హెబ్బాళలోనో ఉంటే నా మాట పట్టించుకోకండి, మీకు విమానమే మేలు. 2023లో వచ్చిన యశ్వంతపూర్–కాచిగూడ వందేభారత్ ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. పిల్లలతో అయితే నాకు అదే సుఖంగా ఉంది. అమ్మకి అర్ధరాత్రి ఒంట్లో బాగోలేదంటే మాత్రం నేనూ దేవనహళ్ళికే పరుగెడతాను, రెండుసార్లు పరుగెత్తాను కూడా.

ఈసారి తద్దినానికి ముందురోజు కాచిగూడ రైలుకి టికెట్ తీశాను. తిరుగు ప్రయాణం విమానానికే.