మా ఊరి శాఖా గ్రంథాలయం ఏడాది వాడాక: ఏ పుస్తకం తెచ్చుకోవాలి, ఏది కొనాలి

పోయినేడాది సంక్రాంతి వెళ్ళాక మా ఊరి శాఖా గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకున్నా, ఏడాది దాటింది. మా వీధిలో చాలామందికి అది పేపర్లు చదువుకునే చోటుగానే తెలుసు, పుస్తకం ఇంటికి ఇస్తారని తెలీదు. మొన్నమొన్నటి దాకా నాకూ తెలీదు, అందుకే వివరంగా రాస్తున్నా.

అసలు ఎందుకు చేరానంటే, అంతకుముందు ఏడాది కొన్న పుస్తకాలన్నీ ఒకరోజు మంచం మీద పరిచి లెక్కపెట్టాను. ముప్పై ఒకటి ఉన్నాయి, చివరిదాకా చదివినవి తొమ్మిది. మిగతావన్నీ ఎవరో ఫేస్‌బుక్‌లో బాగుందన్నారనో, అట్ట బాగుందనో, డిస్కౌంట్ ఉందనో కొన్నవే. మాది అద్దె ఇల్లు, రెండేళ్ళకోసారి మారుతుంటాం, ప్రతిసారీ అన్నిటికంటే ముందు పుస్తకాల అట్టపెట్టెలే బరువని గొడవ. పోయినసారి మారేటప్పుడు కింద పెట్టెకి చెదలు పట్టింది, అందులో నేను ఒక్కసారి కూడా తెరవని పుస్తకాలే ఎక్కువ. చాలా బాధేసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అత్తగారి ఇంటి పన్ను రసీదు చూస్తుంటే అందులో గ్రంథాలయ పన్ను అని విడిగా ఒక లైను కనపడింది. ఇదేంటని అడిగితే మా మావయ్యగారు చెప్పారు, 1960లో చేసిన గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున లైబ్రరీల కోసం వసూలు చేస్తారని. అంటే ఏళ్ళ తరబడి మనం డబ్బు కడుతూనే ఉన్నాం, వాడుకోవడమే లేదు. మర్నాడే వెళ్ళాను. ఆధార్ జిరాక్స్, రెండు ఫోటోలు, కొంచెం డిపాజిట్. ఆ డిపాజిట్ ఒక మామూలు నవల ఖరీదంత కూడా లేదు, అది కూడా మానేసేటప్పుడు వెనక్కి ఇచ్చేస్తారు. మా దగ్గర ఒకసారికి రెండు పుస్తకాలు, పదిహేను రోజులు గడువు, ఇంకెవరూ అడగకపోతే ఇంకో పదిహేను రోజులు పొడిగిస్తారు. టైమింగ్స్ పొద్దున 8 నుంచి 11, మళ్ళీ సాయంత్రం 4 నుంచి 7, శుక్రవారం సెలవు. ఉద్యోగాలు చేసేవాళ్ళకి ఈ టైమింగ్స్ కాస్త ఇబ్బందే కానీ ఆదివారం తెరిచి ఉండటం పెద్ద ప్లస్.

ఇక పుస్తకాల సంగతి. నేను ఊహించినదానికంటే బాగున్నాయి. బీరువాల మీద తెలుగు సాహిత్యం 894.827 అని, పుస్తకాల్ని విషయాల వారీగా సర్దడానికి వాడే డ్యూయీ నంబర్లు అంటించి ఉంటాయి గానీ లోపల సర్దడం మాత్రం ఆ వరసలో లేదు, కాబట్టి వేళ్ళతో వెతుక్కోవాల్సిందే, కంప్యూటర్లో చూసి చెప్పే ఏర్పాటు కూడా లేదు. కానీ అలా వెతకడంలోనే నాకు మంచివి దొరికాయి. చాలా పుస్తకాల మొదటి పేజీ మీద ఊదారంగు ముద్ర ఉంటుంది, రాజా రామమోహన్ రాయ్ ఫౌండేషన్ అని. అది 1972లో కలకత్తాలో పెట్టిన కేంద్రప్రభుత్వ సంస్థ, రాష్ట్రాలతో కలిసి ఊళ్ళలో లైబ్రరీలకి పుస్తకాలు ఇప్పిస్తుంది. సోవియట్ రోజుల్లో మాస్కోలో తెలుగులో అచ్చువేసి పంపిన పుస్తకాలు కూడా ఒక అరనిండా ఉన్నాయి, ఆ దేశమే పోయి ముప్పై ఏళ్ళు దాటినా వాటి కుట్టు బైండింగ్ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఇవి పాత పుస్తకాల షాపుల్లో దొరికితే ఇప్పుడు అట్ట మీది ధరకి పది పదిహేను రెట్లు చెప్తున్నారు. అలాంటివి ఉచితంగా ఇంటికి తెచ్చుకుని చదవగలగడం నాకైతే పండగలా ఉంది.

ఏవి తెచ్చుకోవాలి ఏవి కొనాలి అన్నది ఈ ఏడాదిలో నాకు నెమ్మదిగా తెలిసొచ్చింది. మొదట్లో అందరూ చెప్పేదే నేనూ అనుకున్నా, గొప్ప పుస్తకాలు కొనుక్కోవాలి, చిన్నాచితకా పుస్తకాలు లైబ్రరీలో చదవాలి అని. ఇప్పుడు దాదాపు తిరగేసి అనుకుంటున్నా. ఎందుకంటే తెలుగులో పెద్ద పేరున్న పుస్తకం ఎక్కడికీ పోదు, ప్రతి నాలుగైదేళ్ళకి ఎవరో ఒకరు మళ్ళీ వేస్తూనే ఉంటారు, విజయవాడ ఏలూరు రోడ్డులో ఏ షాపులో అడిగినా ఉంటుంది, వచ్చే ఏడు కూడా ఉంటుంది. అలాంటిదాన్ని ఈ రోజే కొనాల్సిన తొందరేం లేదు. కానీ ఎవరో ఒక టీచరుగారు సొంత డబ్బుతో వేసుకున్న కథల పుస్తకం ఉంటుంది చూడండి, ఐదొందలో వెయ్యో కాపీలు వేస్తారు, అవి అయిపోతే అంతే, రెండో ముద్రణ అనేది చాలాసార్లు ఉండనే ఉండదు. ఆ పుస్తకం నచ్చితే కనిపించిన రోజే కొనాలి.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్పాలి. పోయిన వేసవిలో లైబ్రరీ నుంచి ఒక సన్నటి కథల పుస్తకం తెచ్చుకున్నా, నూట ఇరవై పేజీలు ఉంటుందేమో. కాలవ కింద వ్యవసాయం చేసే కుటుంబాల కథలు, మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో మాట్లాడుకునే మాటలు ఉన్నదున్నట్టు ఉన్నాయి. అందులో ఒక కథలో మేనత్త వడ్లు తూర్పారపడుతూ కోడలితో మాట్లాడకుండా చేట విదిలింపుల్తోనే కోపం చూపిస్తుంది, ఆ పేజీ నేను రెండు రాత్రులు మళ్ళీ మళ్ళీ చదివాను. గడువు అయిపోయింది, ఇచ్చేశా. తర్వాత కొందామని వెతికితే ఏలూరు రోడ్డులో లేదు, లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల వాళ్ళ దగ్గర లేదు, ఆన్‌లైన్‌లో పేరు కొడితే అసలు ఏమీ రాదు. సరే మళ్ళీ లైబ్రరీ నుంచే తెచ్చుకుందామని వెళ్తే ఎవరో తీసుకెళ్ళి తిరిగి ఇవ్వలేదట. అప్పుడు గుర్తొచ్చింది, చదివేటప్పుడు ఇంప్రింట్ పేజీ, అంటే ముద్రణ వివరాలుండే పేజీ ఫోటో తీసుకున్నా అని. ఫోన్‌లో వెతికి చూస్తే 'ప్రతులకు' అని కింద ఒక ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు ఉన్నాయి. చేస్తే ఆ రచయిత గారి కోడలు ఎత్తారు, మావయ్యగారు పోయి నాలుగేళ్ళయిందండి, అటక మీద కొన్ని ఉన్నట్టున్నాయి చూసి చెప్తానన్నారు. వారం తర్వాత రెండు కాపీలు పోస్టులో వచ్చాయి. డబ్బు వద్దంటే బలవంతంగా పంపించాను. ఒకటి నేనుంచుకున్నా, రెండోది లైబ్రరీకి ఇచ్చా.

అప్పటినుంచి పుస్తకం తెచ్చుకోగానే ముందు ఆ పేజీ చూడటం అలవాటైంది. పెద్ద పబ్లిషరు, ఎనిమిదో ముద్రణ, తొమ్మిదో ముద్రణ అని ఉంటే నిశ్చింతగా చదివి ఇచ్చేస్తా. మొదటి ముద్రణ, ప్రతులకు రచయిత ఇంటి అడ్రసు అని ఉంటే ఫోటో తీసి పెట్టుకుంటా, నచ్చితే గడువు లోపలే ఫోన్ చేస్తా. నేరుగా రచయిత దగ్గర కొంటే డబ్బు మొత్తం వాళ్ళకే వెళ్తుంది కూడా, షాపు కమీషన్ పోదు.

నచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఇంకో పద్ధతి ఉంది నాకు. సొంత పుస్తకమైతే పెన్సిల్‌తో గీస్తాను, లైబ్రరీ పుస్తకం మీద గీయకూడదు కదా, అందుకని పాత బస్ టికెట్లు సన్నగా చించి పేజీల మధ్య పెడతాను. తిరిగి ఇచ్చే రోజు పొద్దున ఆ చీటీలు తీస్తూ ప్రతి పేజీ మళ్ళీ ఒకసారి చదువుతా. చాలా పుస్తకాలకి రెండో మూడో ఉంటాయి, ఆ వాక్యాలు నోట్‌బుక్‌లో రాసుకుంటే సరిపోతుంది. పది దాటాయంటే మాత్రం అది నా ఇంట్లో ఉండాల్సిన పుస్తకం. ఈ ఏడాదిలో తెచ్చుకున్నవి నలభై నాలుగు, కొన్నవి ఆరు. ఆ ఆరూ పూర్తిగా చదివినవే, నిన్న రాత్రి కూడా అందులో ఒకటి తీశా.

మా అమ్మ ఇదంతా విని, మేమూ అంతే చేసేవాళ్ళం కదే అంది. వాళ్ళ రోజుల్లో అద్దె పుస్తకాల షాపులు ఉండేవి, రోజుకి ఇంత అని నవలలు తెచ్చుకునేవాళ్ళు, వీధిలో ఐదారుగురు కలిసి ఒకే పుస్తకాన్ని రాత్రికి ఒకరు పొద్దున్నకి ఒకరు చదివేసి ఇచ్చేసేవాళ్ళట. అద్దెకి తెచ్చి రెండోసారి కూడా అద్దె కట్టి చదివిన నవల ఏదన్నా ఉంటే అదే కొనుక్కునేదట. అమ్మ బీరువాలో ఉన్న పుస్తకాలన్నీ పేజీలు నలిగిపోయి ఉంటాయి ఎందుకో ఇప్పుడు అర్థమైంది. ఉత్కంఠ కోసం చదివే నవలలకి ఇప్పటికీ ఇదే పద్ధతి బెస్ట్, చివర ఏమైందో తెలిసిపోయాక మళ్ళీ తెరిచేవి చాలా తక్కువ. ఒక్క జాగ్రత్త, తెచ్చుకునే ముందు చివరి పేజీలు చూసుకోండి. నేనొకసారి డిటెక్టివ్ నవల తెచ్చుకుని రాత్రి పన్నెండున్నర దాకా చదివితే ఆఖరి ఫారం, అంటే కలిపి కుట్టిన పదహారు పేజీల కట్ట మొత్తం ఊడిపోయి ఉంది, హంతకుడెవరో ఇప్పటికీ తెలీదు.

పెద్ద రచయితల సర్వస్వాలు, సంపుటాలుగా వచ్చేవి కూడా లైబ్రరీ నుంచే తెచ్చుకోమంటాను. సెట్టు మొత్తం కొంటే వేలల్లో అవుతుంది, చదివేది మాత్రం ఒకటి రెండు సంపుటాలే. ఒక్కో సంపుటం తెచ్చుకుంటే గడువు తేదీ ఉంది కాబట్టి నిజంగా చదువుతాం. మీకు ఏ సంపుటం కావాలో తెలిశాక అది విడిగా అమ్ముతారేమో అడగండి, చాలాచోట్ల ఇస్తారు.

నిఘంటువులు మాత్రం లైబ్రరీ మీద పెట్టుకోవద్దు, అవి రిఫరెన్స్ కింద ఉంటాయి, ఇంటికి ఇవ్వరు. పైగా నిఘంటువు అవసరం అర్ధరాత్రి కథ చదువుతుంటే వస్తుంది. బ్రౌన్ నిఘంటువు లాంటి పాతవి ఆంధ్రభారతి సైట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. ఇంకొకటి కూడా గుర్తుపెట్టుకోండి, మన దేశంలో రచయిత పోయాక అరవై ఏళ్ళకి కాపీరైట్ అయిపోతుంది, కాబట్టి బాగా పాత పుస్తకాలు కొనేముందు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఒకసారి చూడండి, స్కాన్లు బోలెడున్నాయి. ఫోన్‌లో ఆ స్కాన్లు చదవడం కళ్ళకి కష్టమే కానీ కొనాలో వద్దో తేల్చుకోడానికి ఒక ఇరవై పేజీలు చాలు.

పిల్లల పుస్తకాల విషయంలో నేను చాలా డబ్బు ఆదా చేసుకున్నా. మా పాపకి ఏడేళ్ళు. ఆరు నెలల కింద ఇష్టపడింది ఇప్పుడు ముట్టుకోదు. అందుకని వారం వారం దాన్నే తీసుకెళ్తా, బీరువా కింది అర ముందు కూర్చుని అదే ఎంచుకుంటుంది. అయితే ఒక బొమ్మల పుస్తకం మాత్రం మూడుసార్లు వరసగా తెచ్చుకుంది. నాలుగోసారి లైబ్రేరియన్ గారే, ఇది పాపకి కొనిచ్చెయ్యమ్మా అన్నారు. కొనిచ్చా. దాని మీద పేరు రాసుకుని దిండు కింద పెట్టుకుని పడుకుంది.

పోటీ పరీక్షల పుస్తకాల సంగతి నాకంటే రీడింగ్ హాల్లో కూర్చునే పిల్లలకే బాగా తెలుసు. వాళ్ళని అడిగితే చెప్పిందేంటంటే కరెంట్ అఫైర్స్, పాత ప్రశ్నపత్రాల లాంటివి అక్కడే చదివి రాసుకోవడం, రోజూ గీతలు పెట్టుకుని చదివే మెయిన్ పుస్తకం ఒక్కటి కొనుక్కోవడం. కరెక్టే అనిపించింది. వాళ్ళ కోసం ఆ హాల్లో ఫ్యాన్లూ లైట్లూ కాస్త పెంచితే బావుండు, సాయంత్రం ఆరు దాటితే కిటికీ దగ్గర కుర్చీల కోసం పోటీ. ఆడపిల్లలకి శుభ్రమైన బాత్రూమ్ లేకపోవడం అన్నిటికంటే పెద్ద లోపం, ఇది నేను ఫిర్యాదుల పుస్తకంలో రెండుసార్లు రాశాను, ఇంకా రాస్తాను.

కొత్త పుస్తకాలు ఆలస్యంగా వస్తాయి అన్నది రెండో లోపం. ఈ ఏడాది వచ్చిన నవల ఈ ఏడాదే చదవాలంటే కొనక తప్పదు, లేదంటే ఆగాలి. నేను చాలావాటికి ఆగుతున్నా, ఆగలేనివి ఒక లిస్టులో రాసుకుంటున్నా. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి ఆ లిస్టు పట్టుకుని వెళ్ళాను, మామూలుగా ఇచ్చే పది శాతం తగ్గింపు ఇచ్చారు, రెండు సంచులు మోసుకొచ్చేదాన్ని కాస్తా మూడు పుస్తకాలతో వచ్చా. అందులో రెండు చిన్న ముద్రణలవే.

చేరాలనుకునేవాళ్ళు సాయంత్రం నాలుగింటికి తెరవగానే వెళ్ళండి, లైబ్రేరియన్ గారికి అప్పుడు ఖాళీ ఉంటుంది, ఎలాంటివి ఇష్టమో చెప్తే వెనక గదిలో బీరువాలు కూడా తీసి చూపిస్తారు. తెచ్చుకున్న పుస్తకానికి పేపరు అట్ట వేసుకోండి, గడువు లోపల ఇచ్చెయ్యండి, మీ వెనక ఎవరో ఒకరు దానికోసం ఎదురుచూస్తుంటారు. నేనిచ్చిన ఆ కథల పుస్తకం పోయిన ఆదివారం బీరువాలో కనపడితే తీసి చూశా, వెనక అట్టకి అంటించిన చీటీ మీద అప్పటికే నాలుగు తేదీల ముద్రలున్నాయి.