రీగ్రైండ్ చేసిన లేత్ బెడ్: ఏడాది వాడాక

మా లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే మిషన్) బెడ్‌ని, అంటే టూల్ జరిగే పట్టాలని, మళ్లీ గ్రైండ్ చేయించాం. ఆ గ్రైండింగ్‌కి వంక పెట్టేదేం లేదు. మంటంతా మిషన్‌ని నేలకి బిగించిన తీరు మీదే.

చక్ (జాబ్‌ని పట్టి తిప్పే భాగం) పక్కన 0.22 మి.మీ. దాకా అరిగిన బెడ్ నుంచి 0.3 తీశారు, ఆ గుంత పోయింది. సాడిల్ (టూల్‌ని మోస్తూ బెడ్ మీద జరిగే భాగం) అడుగు చెక్కి 0.8 టర్సైట్ (జారుడు ప్లాస్టిక్) షీటు అంటించడంతో ఎత్తు పాతదానికే వచ్చింది. లేకపోతే సాడిల్‌ని లీడ్ స్క్రూకి (దాన్ని నడిపే పొడవాటి మరకి) తగిలించే హాఫ్ నట్ వేసినప్పుడల్లా ఆ స్క్రూ కిందికి వంగేది. హెడ్‌స్టాక్ (చక్‌ని తిప్పే పెట్టె) కూర్చునే చోటు ముట్టుకోలేదు కాబట్టి టెయిల్‌స్టాక్‌కి (జాబ్ రెండో కొసని ఆపే భాగానికి) మాత్రం 0.3 షిమ్ము (పల్చటి రేకు) పడింది. టర్సైట్ పుణ్యమా అని, సన్నటి ఫీడ్‌లో (టూల్ నెమ్మదిగా జరిగేటప్పుడు) సాడిల్ ఆగి ఆగి దూకడమన్నది ఇప్పుడు లేదు.

కొన్ని నెలలకు చక్‌లో పట్టిన జాబ్‌ల్లో టేపర్ (ఒక కొసకి సన్నబడటం) మొదలైంది. 250 మి.మీ. పొడవులో బయటి కొస వ్యాసం 0.02 తక్కువ. సెంటర్ల (రెండు కొసలనీ ఆపే మొనల) మధ్య తిప్పిన షాఫ్టులు మాత్రం శుభ్రంగా వస్తున్నాయి. బెడ్ మెలిపడితే ఇలాగే ఉంటుంది: టూల్ ఎంత ఒరిగితే టెయిల్‌స్టాక్ సెంటరూ అంతే ఒరుగుతుంది, తేడా బయటపడదు. దాంతో అందరి చూపూ అనవసరంగా హెడ్‌స్టాక్ మీదికి పోతుంది.

0.02 లెవెల్‌ని (ఒక్కో గీత మీటరుకి 0.02 మి.మీ. వాలు చూపే బుడగ పరికరాన్ని) బెడ్‌కి అడ్డంగా పెట్టి చూస్తే రెండు కొసలకీ 10 గీతల తేడా, అంటే మీటరుకి 0.2 మి.మీ. బెడ్ మీద నుంచి సెంటర్ ఎత్తు 200 కాబట్టి మీటరు దూరంలో టూల్ 0.04 జరుగుతుంది. పావు మీటరుకి 0.01, వ్యాసంలో 0.02. లెక్క అతికినట్టు సరిపోయింది. టెయిల్‌స్టాక్ వైపు వెనక పాదం బోల్టు వదులు చేయగానే కింద 0.08 ఫీలర్ (సందు కొలిచే రేకు) దూరింది. ఒక్క మందపు ప్లేటు వేయాల్సిన చోట, బిగించినవాళ్లు పల్చటి షిమ్ములు దొంతరగా పేర్చి బోల్టుతో లాగేశారు. వాడకంలో ఆ దొంతర అణిగిపోయింది.

సరిచేసేటప్పుడు బోల్టులన్నీ వదులు చేసి, నాలుగు పాదాలూ వాటంతట అవే ఆనేలా చూడాలి. ఆ తర్వాతే బిగింపు, ప్రతి బోల్టుకీ మళ్లీ రీడింగ్. లెవెల్‌ని చేత్తో పట్టుకున్నాక బుడగ నిలవడానికి కొన్ని నిమిషాలు ఆగాలి, వేడికి అది అబద్ధం చెబుతుంది. బెడ్ అచ్చంగా లెవెల్‌లో లేకపోయినా ఫర్వాలేదు, రెండు కొసల్లోనూ ఒకే రీడింగ్ వస్తే చాలు. చివర్లో టెయిల్‌స్టాక్ లేకుండా, చక్‌లో పట్టిన కడ్డీకి రెండు కాలర్లు (పట్టీల్లా ఎత్తుగా మిగిల్చిన చోట్లు) వదిలి 0.1 కోతతో కొలవాలి. బయటి కాలర్ లావుగా వస్తే టెయిల్‌స్టాక్ వైపు ముందు పాదం లేపాలి, సన్నగా వస్తే వెనకది.

టర్సైట్ గురించి పైన చెప్పిన మెప్పులో కొంత కోత ఉంది. కాస్ట్ ఐరన్ పొడి అందులో గుచ్చుకుని బెడ్‌ని గీస్తోంది, వైపర్లు (సాడిల్ అంచున పొడిని తుడిచే పట్టీలు) తరచూ మార్చాలి. మాది ఎక్కువగా చక్ పని, కోతలు తేలిక. కాస్ట్ ఐరన్ జాబ్‌లే రోజంతా నడిచే చోట టర్సైట్ లైనర్ బదులు సాడిల్‌నే స్క్రేప్ చేయించి (చేత్తో గీకి అమర్చి), లీడ్ స్క్రూ బ్రాకెట్లు దించుకోవడం మేలేమో.