నగరాల పొలిమేర గీయడానికి జీహెచ్‌ఎస్‌ఎల్ డేటా ఎంతవరకు పనికొస్తుంది?

పారిస్ నగరపాలిక విస్తీర్ణం 105 చదరపు కిలోమీటర్లు. చోంగ్‌చింగ్ మునిసిపాలిటీది 82,000కు పైనే. పారిస్ శివార్లు గీతకు బయట ఉండిపోయాయి, చోంగ్‌చింగ్‌లో కొండలూ పొలాలూ గీత లోపలికి వచ్చేశాయి. ఈ రెండింటి జనాభాను ఒకే పట్టికలో పక్కపక్కన పెడితే ఏం తేలుతుంది? పాలనా హద్దులు పాలన కోసం గీసినవి. ఊరు నిజంగా ఎక్కడిదాకా పాకిందో తెలియాలంటే వేరే కొలత కావాలి.

ఉచితంగా దొరికే వాటిలో ఈ పనికి మా మొదటి ఎంపిక గ్లోబల్ హ్యూమన్ సెటిల్‌మెంట్ లేయర్, పొట్టిగా జీహెచ్‌ఎస్‌ఎల్. యూరోపియన్ కమిషన్‌కు చెందిన జాయింట్ రీసెర్చ్ సెంటర్ దీన్ని తయారుచేస్తుంది. ల్యాండ్‌శాట్, సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాల్లో కట్టడాలను గుర్తించి, జనగణన లెక్కలను వాటి మీదికి పంచి, భూమి మొత్తాన్ని గళ్లుగా ఇస్తుంది. 2023 విడుదలలో 1975 నుంచి 2030 దాకా ఐదేళ్లకొక పొర ఉంది. చివరి రెండు పొరలు, 2025, 2030, ముందుచూపు అంచనాలు మాత్రమే. ఈ రోజుటి నగరం అనుకుని వాటి మీద పొలిమేర గీయకండి, 2020 తీసుకోండి.

దీని అసలు బలం నియమంలో ఉంది. చదరపు కిలోమీటరు నేలకు కనీసం 1,500 మంది ఉన్న గళ్లు అంచులు తాకుతూ కలిసి ఉండాలి, మొత్తం జనాభా కనీసం 50,000 ఉండాలి. అప్పుడే అది నగర కేంద్రం. డిగ్రీ ఆఫ్ అర్బనైజేషన్ అనే ఈ పద్ధతిని ఐక్యరాజ్యసమితి గణాంక కమిషన్ 2020 మార్చిలో ఆమోదించింది. 2025 ఐరాస నగరీకరణ నివేదిక ఇదే నియమంతో లెక్కించేసరికి, టోక్యోను దాటి జకార్తా దాదాపు 4.2 కోట్లతో మొదటి స్థానానికి వచ్చింది. జకార్తా పాలనా హద్దులో ఉండేది అందులో సుమారు నాలుగో వంతే. కొలబద్ద మారితే జాబితా ఇంతగా తారుమారవుతుంది.

సిద్ధంగా గీసిన పాలిగాన్లు, అంటే మూసి ఉన్న హద్దు ఆకారాలు, జీహెచ్‌ఎస్‌ఎల్‌లోని అర్బన్ సెంటర్ డేటాబేస్‌లో దొరుకుతాయి. వాటితో సరిపెట్టుకోవచ్చు. కానీ గీత ఎందుకు అక్కడ పడిందో అర్థం కావాలంటే ఒక్కసారైనా క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో సొంతంగా గీయాలని మా గట్టి అభిప్రాయం. మోల్‌వైడ్ ప్రొజెక్షన్‌లోని (గళ్ల విస్తీర్ణం అంతటా సమానంగా ఉండేలా భూమిని చదును చేసే పద్ధతి) 1 కిలోమీటరు జనాభా రాస్టర్‌ను, అంటే గళ్ల ఫైల్‌ను, దింపుకుని, కావలసిన ప్రాంతానికి కత్తిరించండి. రాస్టర్ క్యాలిక్యులేటర్‌లో 1,500, ఆపైన ఉన్న గళ్లకు 1, మిగతావాటికి 0 ఇవ్వండి. తర్వాత పాలిగనైజ్ చేయండి, అంటే ఒకే విలువ ఉన్న గళ్లను కలిపి పాలిగాన్లుగా మార్చండి. అందులో 8-కనెక్టెడ్‌నెస్ పెట్టెలో టిక్కు పెట్టొద్దు, పెడితే మూలలు మాత్రమే తాకే గళ్లు కూడా కలిసిపోయి పక్క ఊళ్లు అతుక్కుంటాయి. 0 విలువ ఉన్న పాలిగాన్లు తీసేసి, జోనల్ స్టాటిస్టిక్స్‌లో ఒక్కో పాలిగాన్ లోపలి జనాభా మొత్తం లెక్కించి, 50,000 లోపువి వదిలేయండి. నడుమ ఉన్న పార్కులు, విమానాశ్రయాలు చిల్లులుగా కనిపిస్తాయి. డిలీట్ హోల్స్‌లో 1,50,00,000 చదరపు మీటర్లు, అంటే 15 చదరపు కిలోమీటర్లు, పరిమితిగా ఇస్తే చిన్నవి పూడిపోతాయి. జనాభా వడపోత అయ్యాకే ఈ పూడ్చడం.

చాలామంది బోల్తా పడేది ప్రొజెక్షన్ దగ్గర. ఆన్‌లైన్ మ్యాప్‌కు సరిపోవాలని ముందే అక్షాంశ రేఖాంశాల్లోకి మార్చేస్తారు. ఈ రాస్టర్ గడిలో ఉండేది తలల లెక్క. మార్చినప్పుడు కొన్ని గళ్లు రెండుసార్లు వస్తాయి, కొన్ని మాయమవుతాయి, మొత్తం తప్పుతుంది. లెక్కలన్నీ మోల్‌వైడ్‌లోనే ముగించి చివర పాలిగాన్‌ను మార్చుకోండి. రెండో గొడవ -200. డేటా లేని గడికి అదే గుర్తు. కత్తిరించేటప్పుడు నోడేటా సెట్టింగ్ పోతే అదే జనాభాగా కూడికలోకి దూరుతుంది, తీరప్రాంత నగరాల మొత్తం అనుమానాస్పదంగా తగ్గుతుంది. తీరంలోనే ఇంకో చిక్కు: సగం నీళ్లున్న గడిలో 900 మంది ఉంటే అది 1,500 దాటదు, కానీ నేల మీద సాంద్రత 1,800. గడిలో నేల ఎంతో చెప్పే లేయర్‌తో భాగిస్తే ఇది సర్దుకుంటుంది. నదీ నగరాలకూ ఇదే మందు.

100 మీటర్ల రాస్టర్ చూసి ఆశపడకండి. పరిమితిని గడికి 15 మందికి తగ్గించి నడిపితే రైల్వే యార్డులు, గోదాముల వరుసలు, వెడల్పాటి రోడ్లు నగరాన్ని వందల ముక్కలు చేస్తాయి. ఆ పొర శివారు వీధుల్ని పరిశీలించడానికి మంచిది, పొలిమేరకు కాదు.

మేం దీనికి పూర్తి మార్కులు ఇవ్వకపోవడానికి కారణం జనగణన. ఏ దేశంలో లెక్కల యూనిట్లు చిన్నవో అక్కడ గళ్లు నమ్మకంగా ఉంటాయి. జిల్లా అంత పెద్ద యూనిట్‌లోని జనాన్ని కట్టడాల పరిమాణాన్ని బట్టి పంచినచోట, ఏ ఫ్యాక్టరీ షెడ్డో నివాసంగా పొరబడితే దాని కింద జనం పుట్టుకొస్తారు, ఇరుకిళ్ల వాడలో తగ్గిపోతారు. అంచు అనుమానంగా కనిపిస్తే ఆ చోటి ఉపగ్రహ చిత్రం తెరిచి చూడాల్సిందే. ఎదుగుదల కొలిచేవారు 2019 విడుదలలోని పొరను 2023 విడుదలతో పోల్చకూడదు. పద్ధతి మారింది కాబట్టి తేడాలో కొంత నగరానిది, కొంత పద్ధతిది. ఒకే విడుదలలోని 1990, 2020 పొరలు పోల్చండి.

పాలనా హద్దులు పైన పరచడానికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ప్రపంచ పటం చాలు. అయితే పాలనా స్థాయిని చెప్పే దానిలోని అడ్మిన్ లెవెల్ అంకెకు దేశదేశానికీ అర్థం వేరు, ఒకచోట నగరమైన 8 మరోచోట ఇంకేదో అవుతుంది. పైగా ఆ హద్దులను కలిపి చేసిన డేటాబేస్‌ను బయటికి విడుదల చేస్తే దానికీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడే ఓడీబీఎల్ లైసెన్సే వర్తిస్తుంది. జీహెచ్‌ఎస్‌ఎల్‌కు మూలం పేర్కొంటే సరిపోతుంది. అందుకే రెండింటినీ ఒకే ఫైల్‌లో కలపకుండా వేర్వేరు లేయర్లుగా ఉంచుకోండి.