శ్రీకాకుళంలో సీ2 ప్రొఫిషియన్సీ కోచింగ్ అని డబ్బు కట్టబోతున్నారా, జాగ్రత్త, ముందు ఇది చదవండి

ఎం.ఏ. ఇంగ్లిష్ చేస్తున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, డిగ్రీలో ఇంగ్లిష్ మెయిన్‌గా తీసుకున్న పిల్లలూ, మీ కోసమే రాస్తున్నాను, కొంచెం పెద్దదైనా మొత్తం చదవండి.

అసలు విషయం ఏటంటే, కేంబ్రిడ్జ్ సీ2 ప్రొఫిషియన్సీ పరీక్షకి కోచింగ్ ఇస్తామని మన టౌన్లో ఒక సెంటరు వాళ్ళు మా దగ్గర మనిషికి 24,000 తీసుకున్నారు, దానిమీద పరీక్ష ఫీజు అని మళ్ళీ విడిగా తీసుకున్నారు, చెప్పిందేమో సగం ఐఈఎల్టీఎస్ (బయటి దేశాలకి వెళ్ళేవాళ్ళు రాసే వేరే ఇంగ్లిష్ పరీక్ష), సగం ఎప్పుడో 2013లోనే తీసేసిన పాత పేపరు. చివరికి చూస్తే పరీక్షకి మా పేర్లే ఎక్కించలేదు. సెంటరు పేరు ఇక్కడ రాయట్లేదు, కంప్లయింట్ వేస్తున్నాం కాబట్టి. పేరు లేకపోయినా పర్లేదు, వీళ్ళు బోర్డు మార్చి ఇంకోచోట పెట్టినా, విజయనగరంలో ఇంకెవరైనా ఇలగే మొదలెట్టినా మీరు గుర్తుపట్టగలిగితే చాలు.

ఈ పరీక్ష గురించి తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. కేంబ్రిడ్జ్ వాళ్ళ ఇంగ్లిష్ పరీక్షల్లో అన్నిటికంటే పైది ఇదే. 1913లో మొదలెట్టారు, వేరే దేశాల్లో ఇంగ్లిష్ పాఠం చెప్పాలనుకునే వాళ్ళ కోసం. ఆ మొదటిసారి పన్నెండు గంటల పరీక్షట, రాసింది ముగ్గురే, ఒక్కరు కూడా పాసవలేదు. ఇప్పుడు నాలుగు గంటల లోపే అయిపోతుంది గానీ కష్టం కష్టమే, భాషే సబ్జెక్టుగా చదివిన వాళ్ళకి కూడా నెలల తరబడి కూర్చుంటే గానీ రాదు. అందుకే కోచింగ్ అనగానే మనం ఆశపడతాం. ఇటు ఇచ్ఛాపురం నుంచి అటు రాజాం దాకా ఈ పరీక్షకి గైడ్ చేసేవాళ్ళు దొరకడం కష్టం, ఎవరో ఒకరు నేను చెప్తాను అంటే పిల్లలు పరుగెత్తుకెళ్తారు, అందులో పిల్లల తప్పేం లేదు.

మా బ్యాచ్‌లో పలాస నుంచి వచ్చే చెల్లి ఒకమ్మాయి ఉంది, వాళ్ళమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తారు, డ్వాక్రా గ్రూపులో లోను తీసుకుని కట్టారు ఈ ఫీజు. ఆ పిల్ల పొద్దున్నే రైలెక్కి ఆమదాలవలసలో దిగి అక్కణ్ణించి ఆటోలో టౌనుకొచ్చి క్లాసు వినేది. వాళ్ళ దగ్గర కూడా ఇలగ డబ్బు తీసుకోడానికి మనసెలగొచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇప్పుడు మెటీరియల్ సంగతి, ఇది జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే డబ్బు కట్టకముందే మోసం తెలిసిపోయేది ఇక్కడే. స్పైరల్ బైండింగ్ చేసిన లావుపాటి జెరాక్స్ పుస్తకం ఇచ్చారు, దాంట్లో పరీక్ష ఐదు పేపర్లు అని ఉంది, రీడింగ్ ఒకటి, యూజ్ ఆఫ్ ఇంగ్లిష్ (గ్రామరూ, మాటల వాడకమూ) ఇంకొకటి, వేరువేరుగా. అది పాత పద్ధతి. 2013లో మార్చారు, రీడింగూ యూజ్ ఆఫ్ ఇంగ్లిషూ కలిపేసి ఒకే పేపరు చేశారు, గంటన్నర, ఏడు భాగాలు, 53 ప్రశ్నలు, మొత్తం మార్కుల్లో 40 శాతం దీనికే. మిగతా రైటింగ్, లిజనింగ్, స్పీకింగ్ మూడింటికీ తలా 20 శాతం. మాకిచ్చిన పుస్తకంలో మూడు వాక్యాలిచ్చి మూడింట్లోనూ సరిపోయే ఒకే మాట రాయమనే ప్రశ్నలు పేజీలకి పేజీలున్నాయి, వాటిమీద వారాలు గడిపేశాం, ఆ ప్రశ్నే ఇప్పుడు పరీక్షలో లేదు. రెండు పాసేజీలు చదివి 50 నుంచి 70 మాటల్లో సమ్మరీ రాయమనేది కూడా అంతే, యూజ్ ఆఫ్ ఇంగ్లిష్‌లోంచి ఎప్పుడో పోయింది.

ఇక వాక్యాన్ని ఇచ్చిన మాటతో తిరగరాసే ప్రశ్న, కీ వర్డ్ ట్రాన్స్‌ఫర్మేషన్ అంటారు, అది ఇప్పటికీ ఉంది. సార్ దానికి రెండు నుంచి ఐదు మాటల్లోనే జవాబు రాయాలి, ఆరో మాట రాస్తే సున్నా అని చెప్పారు, మేమూ అలగే రాస్తూ పోయాం. సీ2లో మూడు నుంచి ఎనిమిది మాటల దాకా రాయాలి. దాని కింది పరీక్ష సీ1 అడ్వాన్స్‌డ్‌లో మూడు నుంచి ఆరు. రెండు నుంచి ఐదు అనేది బీ2 ఫస్ట్ రూలు, అంటే రెండు మెట్లు కింద ఉన్న పరీక్షది! ఇది చిన్న విషయం కాదు, ఐదు మాటల్లో ఇరికించి రాయడం అలవాటైతే సీ2 జవాబు కుదరనే కుదరదు, ఆ ప్రశ్నలో మార్కులు పోతాయి. నాకు మొదటి అనుమానం వచ్చింది కూడా ఇక్కడే, కేంబ్రిడ్జ్ సైటులో ఫ్రీగా పెట్టిన శాంపిల్ పేపరు డౌన్‌లోడ్ చేసి పక్కన పెట్టుకుని చూస్తే మా పుస్తకానికీ దానికీ పొంతనే లేదు.

రైటింగ్ క్లాసులో బార్ గ్రాఫులు, పై చార్టులు వర్ణించమన్నారు. అది ఐఈఎల్టీఎస్ అకడమిక్‌లో మొదటి టాస్కు, సీ2లో గ్రాఫ్ వర్ణించే టాస్కే లేదు. సీ2లో మొదటి ప్రశ్న ఏటంటే, రెండు చిన్న పాసేజీలిస్తారు, వాటిల్లోని ముఖ్యమైన పాయింట్లని మన మాటల్లో కలిపి చెప్తూ, వాటిని బేరీజు వేస్తూ, మన అభిప్రాయం కూడా చేర్చి 240 నుంచి 280 మాటల వ్యాసం రాయాలి, అందరూ రాయాల్సిందే. రెండోది 280 నుంచి 320 మాటలు, ఆర్టికలో రివ్యూనో రిపోర్టో లెటరో మనం ఎంచుకోవచ్చు. మాకు బట్టీ పెట్టించిన ఇన్ ది మోడర్న్ ఎరా టైపు మొదలు, టు కంక్లూడ్ టైపు ముగింపు, ఇవి సీ2 పేపరు దిద్దేవాళ్ళ ముందు పెడితే ఏటవుతుందో ఎం.ఏ. చదివిన వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

లిజనింగ్‌లో ఆడియో ఒక్కసారే వినిపించేవారు, పరీక్షలోనూ ఒక్కసారే వస్తుంది, అలవాటు చేసుకోండి అని. ఐఈఎల్టీఎస్‌లో ఒక్కసారే, నిజం. సీ2లో ప్రతి రికార్డింగూ రెండుసార్లు వస్తుంది. మొదటిసారి ఏం పట్టుకోవాలి, రెండోసారి ఏం సరిచూసుకోవాలి అనేదే అసలు ప్రాక్టీసు, అది మాకు ఒక్కరోజు కూడా చేయించలేదు. స్పీకింగూ అంతే, టాపిక్ రాసున్న క్యూ కార్డు ఇచ్చి ఒక నిమిషం ఆలోచించుకోమని ఒంటరిగా మాట్లాడించారు. సీ2లో ఇద్దరు అభ్యర్థుల్ని కలిపి కూర్చోబెడతారు, ఎగ్జామినర్లు కూడా ఇద్దరు, పదహారు నిమిషాలు, అందులో పక్కవాళ్ళతో కలిసి చర్చించే భాగం ఉంటుంది. పక్కవాళ్ళ మాట అందుకుని ముందుకు తీసుకెళ్ళడం, తుంచెయ్యకుండా ఒప్పుకోకపోవడం, ఇవన్నీ జతగా కూర్చుంటేనే వస్తాయి.

ఇవి ఎత్తి అడిగితే సార్ చెప్పిన మాట, ఇంగ్లిష్ ఇంగ్లిషే కదమ్మా, ఏ పరీక్షైనా ఒకటే. కాదు సార్, ఒకటి కాదు. కబడ్డీ నేర్పి ఖోఖో పోటీకి పంపితే ఆడగలరా ఎవరైనా.

డబ్బు విషయం. పరీక్ష ఫీజు మాకే కట్టండి, మేమే రిజిస్టర్ చేస్తాం అన్నారు. సెంటరు యజమాని సొంత ఫోన్‌పే నంబరుకి వేయించుకున్నారు, చేతిరాత రసీదు ఇచ్చారు, దానిమీద పరీక్ష తేదీ లేదు, పరీక్ష సెంటరు పేరు లేదు. తేదీ దగ్గరకొచ్చాక పోస్ట్‌పోన్ అయింది అన్నారు, తర్వాత సర్వర్ ప్రాబ్లం అన్నారు. ఈ పరీక్షకి పేరు ఎక్కించాల్సింది కేంబ్రిడ్జ్ గుర్తించిన పరీక్ష సెంటరే, ఎక్కించాక మన పేరూ, తేదీ, టైమూ ఉన్న కన్ఫర్మేషన్ కాగితం మనకి వస్తుంది. అది చూపించమని గట్టిగా పట్టుబట్టాక మీ పేర్లు ఇంకా పంపలేదని ఒప్పుకున్నారు. పరీక్ష ఫీజు మాత్రం కొంతమందికి తిరిగిచ్చారు, అందరికీ కాదు. కోచింగ్ ఫీజు అడిగితే రసీదు వెనకాల నో రిఫండ్ అని ప్రింటయి ఉంది చూసుకో అన్నారు.

చేర్పించుకోడానికి చెప్పిన మాటలు కూడా రాస్తాను, మీకూ ఇవే చెప్తారు కాబట్టి. ఒకటి, సర్టిఫికెట్ రెండేళ్ళకే పోతుంది, అందుకని ఇప్పుడే రాసి ఇప్పుడే అప్లై చెయ్యాలి అని తొందర పెట్టడం. రెండేళ్ళనేది ఐఈఎల్టీఎస్ సంగతి, సీ2 సర్టిఫికెట్‌కి గడువు తేదీ లేదు. ఇంకోటి, స్కోరు 200 రాకపోతే చేతికి ఏమీ రాదు అని భయపెట్టి మాక్ టెస్టుల ప్యాకేజీ అంటగట్టడం. 200 నుంచి పైకి సీ2 పాసు, నిజమే, కానీ 180 నుంచి 199 మధ్య వచ్చినా సీ1 లెవెల్ సర్టిఫికెట్ ఇస్తారు.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది మాత్రం, ఇది ఉంటే డిగ్రీ కాలేజీలో లెక్చరర్ పోస్టుకి ప్రిఫరెన్స్ అని చెప్పడం. మన దగ్గర అసిస్టెంట్ ప్రొఫెసర్ అవ్వాలంటే నెట్ గానీ సెట్ గానీ (లెక్చరర్ అర్హత పరీక్షలు) పీహెచ్‌డీ గానీ చూస్తారు, సీ2 వాటికి బదులు కాదు. నెట్‌కి చదువుకోవాల్సిన పిల్లలు ఈ మాట నమ్మి ఒక సీజనంతా పోగొట్టుకున్నారు, ఆ టైము ఎవరు తిరిగిస్తారు. బయటి దేశంలో చదువుకో, అక్కడ ఇంగ్లిష్ చెప్పే ఉద్యోగానికో వెళ్ళాలనుకునే వాళ్ళకి సీ2 పనికొస్తుంది, అది కూడా మీరు అప్లై చేసే యూనివర్సిటీ అడ్మిషన్ పేజీలో ఏ పరీక్షలు ఒప్పుకుంటారో చూసుకున్నాకే.

కాబట్టి ఎవరైనా సీ2 కోచింగ్ అంటే డబ్బు తియ్యకముందు ఎదురుగా కూర్చుని అడగండి. ఇప్పుడు ఎన్ని పేపర్లు సార్, కీ వర్డ్ ట్రాన్స్‌ఫర్మేషన్‌లో ఎన్ని మాటలు, ఆడియో ఎన్నిసార్లు వస్తుంది. ఈ మూడూ తడుముకోకుండా చెప్పలేని వాళ్ళకి మీరే పాఠం చెప్పగలరు. ఒక డెమో క్లాసు స్పీకింగ్‌ది ఇమ్మనండి, ఎవరినైనా పక్కన కూర్చోబెట్టి జతగా చేయిస్తారో లేదో చూడండి. పరీక్ష ఫీజు కోచింగ్ వాళ్ళ చేతికి ఇవ్వకండి, కేంబ్రిడ్జ్ సైటులో పరీక్ష సెంటర్లు వెతుక్కునే పేజీ ఉంది, అక్కడ కనపడిన సెంటరుతో నేరుగా మాట్లాడి కట్టండి. కోచింగ్ ఫీజు విడతలుగా కడతాం అనండి, అంతా ఒకేసారి కట్టాలని పట్టుబట్టిన చోట ఆగండి.

ఇప్పటికే కట్టేసిన వాళ్ళు నో రిఫండ్ అని రాసుందని ఊరుకోవద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనూ చెప్పుకోవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసుకోవచ్చు, కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే కమిషన్ ఫీజు లేదు, లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చు, రెండేళ్ళ లోపు వెయ్యాలి. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ కోచింగ్ సెంటర్ల తప్పుడు ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది, గ్యారంటీగా పాస్ చేయిస్తాం లాంటివి ప్రకటనల్లో చెప్పకూడదని అందులో ఉంది. మా సెంటరు ఫ్లెక్సీ మీద గ్రేడ్ ఏ గ్యారంటీ అని పెద్దక్షరాల్లో ఉండేది, గొడవయ్యాక తీసేశారు, అదృష్టం కొద్దీ మా బ్యాచ్ అబ్బాయి దగ్గర ఫోటో ఉంది.

మేం కొంతమందిమి ఇప్పుడు ఆ ఫ్రీ శాంపిల్ పేపర్లు ప్రింట్ తీసుకుని లైబ్రరీలో కూర్చుని సొంతంగా చేస్తున్నాం, వ్యాసాలు ఒకరివి ఒకరం దిద్దుకుంటున్నాం, సెంటర్లో నేర్చుకున్నదాని కంటే ఇదే నయంగా ఉంది. పలాస చెల్లికి పరీక్ష ఫీజు కూడా ఇంకా తిరిగి రాలేదు, ముందు తన కేసే వేస్తున్నాం. ఆ బ్యాచుల్లో చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే రసీదు, ఫోన్‌పే పేమెంట్ స్క్రీన్‌షాట్లు, వాట్సాప్‌లో వాళ్ళు పంపిన మెసేజీలు ఏవీ డిలీట్ చెయ్యకండి, స్పైరల్ పుస్తకం పారెయ్యకండి, ఐదు పేపర్లు అని రాసున్న ఆ మొదటి పేజీ మనకి సాక్ష్యం. ఈ నెలాఖరు లోపు చెప్తే మీ పేరు కూడా కలిపి వేస్తాం.