గురక, బీపీ: సీపాప్ మిషనా, దవడ క్లిప్పా?

గురక పెట్టే ప్రతివాళ్లకీ బీపీ రాదు. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్లీ అందుకుంటుంటే స్లీప్ ఆప్నియాని (నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగే జబ్బుని) అనుమానించాలి. ఊపిరి ఆగినప్పుడల్లా రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, అడ్రినలిన్ ఎగుస్తుంది. మామూలుగా నిద్రలో 10 నుంచి 20 శాతం దిగాల్సిన బీపీ దిగదు. పొద్దున్నే రీడింగ్ ఎక్కువ రావడానికి ఇదో కారణం.

స్లీప్ టెస్టులో ఊపిరి ఆగడమో, సన్నగిల్లడమో గంటకు 30 సార్లు దాటితే ముందు సీపాప్ మిషనే. మాస్కులోంచి వచ్చే గాలి ఒత్తిడి గొంతును మూసుకుపోనివ్వదు. బీపీ సగటున తగ్గేది 2, 3 పాయింట్లే. మూడు మందులకీ లొంగని బీపీకి ఇంకాస్త ఎక్కువ. అదీ రోజూ కనీసం 4 గంటలు పెట్టుకుంటేనే. విశాఖ ఉక్కకి ఏసీ బాగా పెంచి పడుకుంటే హ్యుమిడిఫైయర్ (మిషన్‌లో గాలికి తేమ పట్టించే భాగం) ఇచ్చే తేమ ట్యూబులో నీరై గుడగుడమంటుంది. తేమ సెట్టింగ్ తగ్గించి, ట్యూబుకు గుడ్డ తొడుగు వేసి, మిషన్‌ను తల కంటే కింద పెట్టండి. స్టీల్‌ప్లాంట్‌లో నైట్ షిఫ్టు చేసేవాళ్లు పగటి నిద్రకీ పెట్టుకోవాల్సిందే.

దవడ క్లిప్పు అంటే నిద్రలో పళ్లకి తొడుక్కునేది. దానికి కరెంటు అక్కర్లేదు, జేబులో పడుతుంది. డెంటిస్టు పళ్ల అచ్చు తీసి చేస్తారు. గొంతు మూసుకుపోకుండా దాంతో కింది దవడను కొద్దికొద్దిగా ముందుకు జరుపుతారు. పళ్లు గట్టిగా ఉండాలి, కట్టుడు పళ్లయితే కష్టం. దవడ నొప్పి రావచ్చు, ఏళ్లు గడిస్తే పళ్ల వరస కాస్త మారవచ్చు. ఊపిరి ఆగకుండా చూడడంలో సీపాప్‌దే పైచేయి. కానీ మాస్కు విసిరేసేవాళ్లకి, ఆప్నియా ఓ మోస్తరుగా ఉన్నవాళ్లకి రోజూ పెట్టుకునే క్లిప్పే నయం.

ఏది వాడినా బీపీ మాత్రలు సొంతంగా ఆపకండి. క్లిప్పుతో గురక పోయినా ఊపిరి ఆగుతూనే ఉండొచ్చు. అది నోట్లో ఉండగానే మరోసారి స్లీప్ టెస్ట్ చేయించండి.