ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ: ఇందులో అసలు సరుకు తప్పు జవాబులే

ఎఫ్‌సీఐ అనగానే మన దగ్గర ఎవరికైనా గుర్తొచ్చేది బియ్యం గోదాములు. ఫిజిక్స్ చెప్పేవాళ్ల మధ్య ఆ మూడక్షరాలకు ఇంకో అర్థం ఉంది: ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ. బలం, చలనం గురించి పిల్లలు నిజంగా ఏమనుకుంటున్నారో బయటపెట్టే ప్రశ్నపత్రం ఇది. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలోని డేవిడ్ హెస్టెనెస్, హైస్కూల్ టీచర్లు మాల్కమ్ వెల్స్, గ్రెగ్ స్వాక్‌హామర్‌లతో కలిసి 1992లో దీన్ని ప్రచురించారు. 1995లో సవరించిన 30 ప్రశ్నల పేపరే ఇప్పుడు వాడుకలో ఉంది. 9వ తరగతికి గమన నియమాలు, ఇంటర్ ఫస్టియర్‌కు మెకానిక్స్ చెప్పేవారికి ఇది పనికొస్తుందా? వస్తుంది. అయితే మార్కులు వేసి పక్కన పెట్టేస్తే దాని విలువలో సగం కూడా దక్కదు.

ప్రశ్నకు ఐదు ఆప్షన్లు, సరైనది ఒకటి. లెక్కలు లేవు. సూత్రం రాయాల్సిన పని లేదు. చూడగానే ‘ఇంత తేలికా’ అనిపిస్తుంది, అదే దీని ఎత్తు. తప్పు ఆప్షన్లు పేపరు తయారుచేసినవాళ్లు కూర్చుని ఊహించినవి కావు. అంతకుముందు 1985లో వచ్చిన మెకానిక్స్ డయాగ్నస్టిక్ టెస్ట్ కోసం విద్యార్థుల చేత సొంత మాటల్లో జవాబులు రాయించి, వాటిలో పదేపదే కనిపించిన తప్పులను ఆప్షన్లుగా మార్చారు. ఆ పునాది మీదే ఇదీ వచ్చింది. మన బిట్ పేపర్లలో రెండు ఆప్షన్లు చూడగానే కొట్టేయొచ్చు. ఇక్కడ అలా కుదరదు, తప్పు ఆప్షన్ కూడా పిల్లవాడి మనసులో మాటలాగే వినిపిస్తుంది.

అసలు పేపర్లోని ప్రశ్నలను బయట రాయకూడదు, అందుకే అదే తీరులో సొంత ఉదాహరణ ఒకటి. స్ట్రైకర్ తగిలాక క్యారమ్ కాయ బోర్డు మీద జారుతూ పోతోంది. జారుతున్న ఆ క్షణంలో కాయ మీద ఏయే బలాలు పనిచేస్తున్నాయి? భూమి కిందికి లాగే బలం, బోర్డు పైకి నెట్టే బలం, వెనక్కి లాగే ఘర్షణ, అంతే. కానీ ఎక్కువమంది ఈ మూడింటికీ తోడు ‘స్ట్రైకర్ కొట్టిన బలం’ అని నాలుగోది కలుపుతారు. స్ట్రైకర్ బలం తగిలినంతసేపే ఉంటుంది, విడిపోయాక ఉండదు. కాయలో మిగిలింది బలం కాదు, ద్రవ్యవేగం. ఈ ఒక్క తేడా పట్టుబడని పిల్లలు ‘మొదటి నియమం రాయండి’ అంటే పొల్లుపోకుండా రాస్తారు, ఎఫ్‌సీఐలో మాత్రం దొరికిపోతారు.

మూడో నియమం మీద నాలుగు ప్రశ్నలున్నాయి. పేపర్లో అత్యంత పదునైనవి ఇవే. ఇసుక లారీ, స్కూటీ గుద్దుకుంటే ఏది ఎక్కువ బలంతో గుద్దింది అని అడగండి. ‘చర్య, ప్రతిచర్య సమానం, వ్యతిరేకం’ అని నిద్రలో లేపినా చెప్పే పిల్లలే లారీ అంటారు. నుజ్జయింది స్కూటీ కదా! బలాలు సమానమే, కానీ స్కూటీ ద్రవ్యరాశి తక్కువ కాబట్టి దాని వేగం ఒక్కసారిగా చాలా మారుతుంది. పిల్లలు బలాన్నీ, బలం వల్ల జరిగినదాన్నీ ఒకటిగా కలిపేస్తున్నారు. పాఠం ఎక్కడ తిరిగి మొదలుపెట్టాలో ఇలాంటి తప్పే చూపిస్తుంది.

అందుకే పేపర్లు దిద్దేటప్పుడు ప్రతి ప్రశ్నకూ ఏ ఆప్షన్ ఎంతమంది పెట్టారో లెక్క రాసుకోవాలి. 40 మంది క్లాసులో ఒక ప్రశ్నకు 14 మంది సరిగ్గా పెట్టారనుకుందాం. మిగతా 26 మందిలో 22 మంది ఒకే తప్పు ఆప్షన్ పెడితే క్లాసు మొత్తానికి ఒక గట్టి అపోహ ఉన్నట్టు. దాన్ని నేరుగా ఢీకొనే ప్రయోగం ఒకటి చేసి చూపించాలి. అదే 26 మంది నాలుగు తప్పు ఆప్షన్లలోకి 7, 7, 6, 6గా చీలిపోతే అది అపోహ కాదు, ఊహించి పెట్టడం. లేదా ప్రశ్న అర్థం కాకపోవడం. రెండు చోట్లా మార్కు 35 శాతమే, వైద్యం వేరు.

ఇక స్కోరు. కళ్లు మూసుకుని పెట్టినా సగటున 30కి 6 వస్తాయి. పాఠానికి ముందు పెట్టినప్పుడు అంతకంటే తక్కువ వచ్చినవాళ్లు ఉంటే కంగారు పడనక్కర్లేదు. తప్పు ఆప్షన్లు గట్టిగా లాగుతున్నాయన్నమాట. 60 శాతం దాటితే న్యూటన్ ఆలోచనలోకి అడుగుపెట్టినట్టు, 85 శాతం దాటితే అది పట్టుబడినట్టు అని తయారుచేసినవాళ్లు పెట్టిన గీతలు. 60 లోపు ఉన్న పిల్లలకు లెక్కల మీద లెక్కలు చేయించడం వల్ల సూత్రాలు గుర్తుంటాయేమో గానీ విషయం అర్థం కాదు.

పాఠానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పెట్టి పోల్చడం అసలు పద్ధతి. దీనికి గెయిన్ అనే కొలత ఉంది. రెండోసారి సగటు శాతంలోంచి మొదటిసారి సగటు శాతం తీసేసి, వచ్చినదాన్ని వందకు మొదటిసారి ఎంత తక్కువైందో దానితో భాగించాలి. 27 నుంచి 45కి వెళ్లిన క్లాసుకు 18ని 73తో భాగిస్తే 0.25. 60 నుంచి 78కి వెళ్లిన క్లాసుకు పెరిగింది అదే 18, కానీ 40తో భాగిస్తే 0.45. ఫిజిక్స్ ప్రొఫెసర్ రిచర్డ్ హేక్ 1998లో 62 కోర్సుల్లోని 6,542 మంది ఫలితాలను ఇలా లెక్కగట్టారు. ఉపన్యాసం తరహా క్లాసుల సగటు 0.23. పిల్లలు తమలో తాము వాదించుకుని, చేసి చూసి నేర్చుకున్న క్లాసుల సగటు 0.48. ఆ క్లాసులు హైస్కూల్, కాలేజీ, యూనివర్సిటీ మూడింటివీ కాబట్టి మన 9వ తరగతిని వాటి పక్కన పెట్టేటప్పుడు కాస్త జాగ్రత్త.

గెయిన్ లెక్క క్లాసు మొత్తానికే గానీ ఒక్కో పిల్లవాడికి కాదు. మొదటిసారి 27 మార్కులు తెచ్చుకున్న అమ్మాయికి రెండోసారి 25 వస్తే గెయిన్ మైనస్ 0.67 అవుతుంది. ఆమె ఏదో పోగొట్టుకుందని కాదు, కింద భాగించే అంకె మూడే కావడం వల్ల. ఇంకో పొరపాటు అందరూ చేసేది: మొదటి రోజు 42 మంది, రెండో రోజు 37 మంది వస్తే రెండు సగటులూ తీసి పోల్చేస్తారు. రెండు రోజులూ ఉన్నవాళ్ల పేపర్లే లెక్కలోకి రావాలి.

పేపరు దొరికేది ఫిజ్‌పోర్ట్ వెబ్‌సైట్‌లో. టీచర్ అని రుజువు చూపి నమోదు చేసుకోవాలి, డబ్బు కట్టక్కర్లేదు. ఫైలుకు పాస్‌వర్డ్ ఉంటుంది. ఆ జాగ్రత్తకు కారణం ఉంది. ఈ పేపరు ఒక్కసారి వాట్సాప్ గ్రూపులో పడితే వారంలో ‘ఇంపార్టెంట్ బిట్స్’ అయి కూర్చుంటుంది. మన కోచింగ్ వాతావరణంలో అది నూటికి నూరుపాళ్లూ జరిగే పని. జవాబులు బట్టీ పట్టాక ఇక ఆ పేపరుతో కొలవడానికేమీ ఉండదు. ప్రశ్నల పుస్తకాలకు నంబర్లు వేసి, ఇచ్చినన్నీ తిరిగి తీసుకుని లెక్కపెట్టాలి. జవాబులకు 30 వరుసలు, ఐదు గడులున్న కాగితం విడిగా ఇస్తే పుస్తకాలు మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. రెండోసారి కూడా అయ్యేదాకా ఒక్క ప్రశ్నకూ క్లాసులో జవాబు చెప్పకూడదు. పరీక్ష పేరు కూడా చెప్పకపోవడం మంచిది.

జిరాక్స్ దగ్గర పనులు చెడతాయి. కొన్ని ప్రశ్నలకు ఆప్షన్లు వస్తువు వెళ్లే దారి బొమ్మలే. వంపులో చిన్న తేడాయే జవాబును మారుస్తుంది. కాగితం కలిసొస్తుందని రెండు పేజీలు ఒక్కదానిలోకి కుదించి తీస్తే ఆ వంపులు ఒకేలా కనిపిస్తాయి, చుక్కల గీతలు మాయమవుతాయి. మొదటి కాపీ చూసుకున్నాకే మిగతావి తీయించండి.

సమయం 30 నిమిషాలు. ఇంగ్లిష్ చదవడంలో తడబడే పిల్లలకు అది చాలదు, 45 నిమిషాల పీరియడ్ మొత్తం ఇచ్చేయండి. రెండుసార్లూ అంతే ఇవ్వాలి. పీరియడ్ చిన్నదైతే ఈ 30 ప్రశ్నల్లోంచి తీసి 14 చొప్పున చేసిన రెండు సగం పేపర్లున్నాయి, 2015లో వచ్చాయి. ముందు ఒకటి, తర్వాత రెండోది పెట్టొచ్చు. మార్కులు రిజల్టులో కలుస్తాయంటే కాపీ కొడతారు, ఏమీ లేదంటే ఇష్టమొచ్చినట్టు టిక్కులు పెడతారు. ‘మార్కులు కలపం, మీరు ఏమనుకుంటున్నారో దాన్నిబట్టే పాఠం చెప్తాం’ అని ఉన్నమాట చెప్పేస్తే సరిపోతుంది. పది నిమిషాల లోపే ఇచ్చేసినవీ, వరసగా ఒకే అక్షరం పెట్టినవీ పక్కన పెట్టండి.

తెలుగులోకి మార్చుకుని పెట్టేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది మాటల ఎంపిక దగ్గరే. భాష తెలియకపోవడం వల్ల కాదు, పాఠ్యపుస్తకం తెలుగు వాడటం వల్ల. ‘స్థిర వేగంతో’ అని రాస్తే ‘స్థిరంగా’ అంటే కదలకుండా అనుకునే పిల్లలున్నారు. ‘మారని వేగంతో’ అనండి. పుస్తకంలో వడి వేరు, వేగం వేరు, ఇంట్లో రెండూ వేగమే. అవసరమైన చోట ‘ఎంత వేగంగా’, ‘ఏ దిక్కుకి’ అని విడగొట్టి అడగాలి. ‘గోడ బలాన్ని ప్రయోగిస్తుంది’ అంటే ఇంకో చిక్కు. ప్రయోగించడానికి బుద్ధి ఉన్నవాడు కావాలి కదా అనిపిస్తుంది. గోడ ఏమీ చేయదు, అడ్డంగా నిలబడుతుందంతే అనే అపోహ ఎలాగూ ఉంది, ఆ క్రియాపదం దాన్ని ఇంకాస్త ఎగదోస్తుంది. ‘గోడ వల్ల బంతి మీద పనిచేసే బలం’ అంటే నయం. ప్రతిచర్య అనే మాట కూడా ముందు చర్య జరిగి, ఆనక వచ్చే జవాబులా వినిపిస్తుంది. నిజానికి రెండూ ఒకే క్షణంలో పుడతాయి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. తప్పు ఆప్షన్ పిల్లల మాటలో ఉంటేనే అది లాగుతుంది. కొట్టిన బలం వస్తువులో మిగిలి ఉంటుందనే అపోహకు తెలుగులో అచ్చమైన మాట ‘ఊపు’. ‘బంతిలో ఊపు అయిపోయింది, అందుకే ఆగింది’ అని అందరం అంటాం. ఆ ఆప్షన్‌ను గంభీరమైన సంస్కృత పదాల్లో రాస్తే పిల్లలు భయపడి వదిలేస్తారు, స్కోరు ఊరికే పెరుగుతుంది. అలాగని ‘ఊపు’ అని రాస్తే, బలం అనే మాట లేదు కదా, తప్పేముంది అని వాదించే తెలివైన పిల్లలూ ఉంటారు. ‘కొట్టినప్పుడు వచ్చిన ఊపు బలం’ అని రెండూ కలిపి రాయడం ఒక దారి.

వస్తువుల పేర్లలోనూ గోతులున్నాయి. బౌలింగ్ బాల్ అంటే మన పిల్లలకు క్రికెట్ బంతి. షాట్‌పుట్ గుండు అనండి. హాకీ అంటే గడ్డి మీద కర్రతో కొట్టే బంతి, మంచు మీద జారే బిళ్ల కాదు. దాన్ని క్యారమ్ కాయ చేద్దామని చేయి దురద పెడుతుంది, కానీ క్యారమ్ కాయ ఆగిపోతుందని పిల్లలందరికీ తెలుసు. ఘర్షణ లేదనుకోండని ఎంత పెద్ద అక్షరాల్లో రాసినా నమ్మరు. అక్కడ మంచు బిళ్లను ఉంచి, పక్కన బొమ్మ వేయడమే మేలు. సందర్భాలు మార్చేస్తే ఆ ప్రశ్న వేరే ప్రశ్న అయిపోతుంది, హేక్ అంకెలతో పోల్చే హక్కు పోతుంది. ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లాగే ఒకపక్క ఇంగ్లిష్, ఎదురుగా తెలుగు వేస్తే చాలా గొడవలు తప్పుతాయి. అచ్చు వేసే ముందు ఈ పేపరు ఎన్నడూ చూడని వాళ్ల చేత తెలుగును తిరిగి ఇంగ్లిష్ చేయించి చూసుకోండి.

పేపర్లో లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఒకే సన్నివేశం మీద మూడు నాలుగు ప్రశ్నల గొలుసులున్నాయి. మొదటిదాంట్లో తప్పు బాట పట్టినవాళ్లు వరసగా పోగొట్టుకుంటారు, అంటే 30 మార్కులూ 30 వేర్వేరు కొలతలు కావు. తప్పు కారణంతో సరైన జవాబు పెట్టే వీలున్న ప్రశ్నలూ ఉన్నాయి. ఒక వాహనం ఇంకోదాన్ని మారని వేగంతో నెడుతున్నప్పుడు రెండింటి బలాలూ సమానమని పెట్టినవాళ్లందరికీ మూడో నియమం వచ్చినట్టు కాదు. ‘వేగం మారట్లేదు కాబట్టి సమానం’ అని పెట్టినవాళ్లూ అందులో ఉంటారు. వేగం పెరుగుతున్నప్పటి జంట ప్రశ్నకు ఏం పెట్టారో పక్కన పెట్టి చూస్తే బండారం బయటపడుతుంది. 1995లోనే డగ్లస్ హఫ్‌మన్, ప్యాట్రీషియా హెల్లర్ అనే పరిశోధకులు ఈ పేపరు నిజంగా ఒకే భావనను కొలుస్తోందా అని నిలదీశారు. 2018లో వచ్చిన విశ్లేషణలో కొన్ని ప్రశ్నలు అబ్బాయిలకూ అమ్మాయిలకూ సమానంగా లేవనీ, వాటిలో ఎక్కువ అమ్మాయిలకు నష్టం చేసేవేననీ తేలింది. కాబట్టి ఒక్క స్కోరు చూసి పిల్లలను సెక్షన్లుగా విడగొట్టడం, పేరెంట్స్ మీటింగ్‌లో చదివి వినిపించడం అసలు వద్దు.

9వ తరగతిలో గమన నియమాలు మొదలుపెట్టే వారం ముందు పెట్టి, పాఠం అయిన రెండు వారాలకు మళ్లీ పెట్టండి. మర్నాడే పెడితే బోర్డు మీద నిన్న రాసిందే తిరిగొస్తుంది. 8వ తరగతికి వద్దు. శక్తి, విద్యుత్తు, కాంతి ఇందులో లేవు. గ్రాఫులు చదవడం రావట్లేదని అనుమానముంటే రాబర్ట్ బైక్నర్ 1994లో తెచ్చిన టగ్-కె అనే పేపరు ఉంది. బల్బు, బ్యాటరీ దగ్గర కరెంటు ‘ఖర్చైపోతుంది’ అనుకునే పిల్లల కోసమైతే డైరెక్ట్ అనే 29 ప్రశ్నల పేపరు. రెండూ ఫిజ్‌పోర్ట్‌లోనే, అదే టీచర్ ఖాతాతో తీసుకోవచ్చు.