బీఏ హిస్టరీ, పొలిటికల్ సైన్స్: మూడేళ్లు చదివాక నా రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తా, ఐదుకి మూడున్నర. సబ్జెక్టులకు నాలుగున్నర ఇస్తాను, మా దగ్గర వాటిని నడిపిన తీరుకు రెండు. సగటు కడితే మూడుంపావే వస్తుంది కదా అంటారేమో, ఆ మిగతా పావు అభిమానం.

నేను చేరింది 2017లో, హెచ్ఈపీ గ్రూపులో. అంటే హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్. ఇంటర్‌లో హెచ్ఈసీ చదివాను కాబట్టి నాకిది సహజంగానే అనిపించింది గానీ, చుట్టాలకు అలా అనిపించలేదు. మా పెద్దమ్మ అయితే "బీఏనా... పోనీలే, మళ్లీ ఎంసెట్ రాయొచ్చులే" అంది, ఎంపీసీనో బైపీసీనో చదవనివాళ్లు ఎంసెట్ ఎలా రాస్తారో ఆవిడకే తెలియాలి. ఎకనామిక్స్ గురించి ఇక్కడ రాయను, అది వేరే కథ. ఈ రివ్యూ మిగతా రెండింటి గురించి, అవి రెండూ కలిసి ఉండటం గురించి.

దోస్త్‌లో, అంటే తెలంగాణలో డిగ్రీ సీట్లు ఇచ్చే ఆన్‌లైన్ పద్ధతిలో, వెబ్ ఆప్షన్లు పెట్టి సీటు వచ్చాక నన్ను బాగా ఏడిపించింది బోనఫైడ్లు, ఏ ఏడు ఏ స్కూల్లో చదివామో చెప్పే సర్టిఫికెట్లు. మాది మిర్యాలగూడ. కానీ ఆరు, ఏడు తరగతులు గుంటూరులో అమ్మమ్మ వాళ్లింట్లో ఉండి చదివాను. ఆ రెండేళ్ల కాగితం లేకపోతే ఎక్కడ నాన్‌లోకల్ అంటారోనని ఒకటే టెన్షన్. మామయ్య ఆ స్కూలుకు మూడుసార్లు తిరిగి, హెడ్మాస్టర్ సంతకం పెట్టించి, బస్సు పార్సిల్‌లో పంపాడు. తీరా చూస్తే కౌంటర్‌లో ఆయన ఆ కాగితం వైపు చూడనైనా లేదు, ఇంటర్ దాకా వరసగా ఇక్కడే చదివావు కదా చాలు అన్నాడు. అసలు ఈ లోకల్, నాన్‌లోకల్ గోల ఎవడు కనిపెట్టాడో అని తిట్టుకుంటూ ఫైలు మూసేశాను.

దానికి జవాబు సెకండియర్‌లో వచ్చింది, అదీ రెండు ముక్కలుగా. పొలిటికల్ సైన్స్ సార్ రాజ్యాంగం చెబుతూ, చదువుల్లో ఉద్యోగాల్లో స్థానికుల అవకాశాల గురించిన 371డి అధికరణం దగ్గర ఆగి, "ప్రత్యేక నిబంధన, ఐదు మార్కులకు అడుగుతారు, రాసుకోండి" అని నాలుగు లైన్లు డిక్టేట్ చేసి ముందుకెళ్లిపోయారు. ఆ తర్వాత రెండు నెలలకేమో హిస్టరీ మేడం ముల్కీ ఉద్యమం, అంటే ఇక్కడి ఉద్యోగాలు స్థానికులకే కావాలన్న పోరాటం, మొదలుపెట్టారు. 1919లో నిజాం ఇచ్చిన ఫర్మానా, పదిహేనేళ్లు ఇక్కడ నివాసం ఉంటేనే ఉద్యోగం అన్న నియమం, 1952లో సిటీ కాలేజీ దగ్గర కాల్పులు, 1956లో ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం, అది సరిగ్గా అమలు కాలేదన్న కోపంతో 1969లో తెలంగాణ ఉద్యమం, 1972 అక్టోబరులో ముల్కీ నియమాలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వగానే అటువైపు ప్రత్యేక ఆంధ్ర కావాలంటూ జై ఆంధ్ర ఉద్యమం, చివరికి 1973లో ఆరు సూత్రాల పథకం. మేడం అక్కడిదాకా వచ్చేసరికి బెల్లు కొట్టారు.

ఆ రోజు హాస్టల్‌లో రెండు నోట్సులూ పక్కపక్కన పెట్టుకుని చూస్తుంటే వెలిగింది. ఆరు సూత్రాల పథకం కోసం చేసిన రాజ్యాంగ సవరణతో పుట్టినదే సార్ నాలుగు లైన్లలో తేల్చేసిన 371డి. దాని కింద కాలేజీ సీట్లకు 1974లో, ఉద్యోగాలకు 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. ఆ ఉత్తర్వుల తోక పట్టుకుని వెతుక్కుంటూ పోతే మా మామయ్య బస్సు పార్సిల్‌లో పంపిన కాగితం దగ్గరికి వచ్చి ఆగాను. పెట్టె అడుగున ఉన్న ఫైలు తీసి ఆ బోనఫైడ్ మళ్లీ చదివాను. హెడ్మాస్టర్ సంతకం కింద స్టాంపు సగమే పడింది. రాష్ట్రం 2014లో రెండయ్యాక కూడా ఆ అధికరణం ఇటూ అటూ కొనసాగుతోంది. ఒక్క హిస్టరీ చదివితే అదంతా ఎప్పుడో అయిపోయిన గొడవలా ఉంటుంది. ఒక్క పొలిటికల్ సైన్స్ చదివితే ఆ నంబరు ఊరికే ఆకాశంలోంచి ఊడిపడ్డట్టు ఉంటుంది. నేను ఈ డిగ్రీకి ఇచ్చిన మార్కుల్లో సగం ఆ ఒక్క రాత్రివే.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ విషయమూ అంతే. హిస్టరీ నోట్సులో ఆమె 1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖాదీ ఎగ్జిబిషన్ గేటు దగ్గర నిలబడి, టికెట్ లేదని నెహ్రూనే ఆపేసిన పిల్ల. పొలిటికల్ సైన్స్ నోట్సులోనేమో రాజ్యాంగ సభ సభ్యురాలు. ఇద్దరూ ఒకరే అని మా క్లాసులో సగం మందికి పరీక్ష అయ్యేదాకా తెలియదు.

ఇక తిట్లు.

మొదటిది, ఈ రెండు సబ్జెక్టులూ ఒకే గదిలో, ఒకే బ్లాక్‌బోర్డు మీద, గంట తేడాతో చెబుతారు గానీ ఒకదానికొకటి ముఖం చూసుకోవు. రాజనీతి తత్వవేత్త హాబ్స్ పొలిటికల్ సైన్స్‌లో రెండో సెమిస్టర్‌లోనే వచ్చేశాడు. మనుషులు ఒకరినొకరు పీక్కుతింటారు, అందుకే అందరి మీదా తిరుగులేని ఒక అధికారం ఉండాలి అంటాడు. ఈయనకింత భయం దేనికో అనుకున్నాం. ఆయన పుట్టిన ఇంగ్లండ్‌లో 1642 నుంచి అంతర్యుద్ధం జరిగిందనీ, 1649లో రాజు తలే నరికేశారనీ, ఆ రక్తం ఆరకముందే 1651లో ఆయన పుస్తకం 'లెవయథాన్' వచ్చిందనీ మాకు ఆధునిక ప్రపంచ చరిత్ర పేపర్లో తెలిసింది, అదీ ఫైనలియర్‌లో! అప్పటికి హాబ్స్‌ను రాసేసి, మర్చిపోయి, బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లు మళ్లీ రాసి మళ్లీ మర్చిపోయారు. సిలబస్ వేసేటప్పుడు ఇద్దరు బీవోఎస్ (బోర్డ్ ఆఫ్ స్టడీస్) సార్లు ఒక్క టీ తాగి మాట్లాడుకుంటే సరిపోయేది.

రెండోది, మా కాలేజీలో (పేరు రాయను) హిస్టరీ పోస్టు మొదటి సెమిస్టర్‌లో రెండు నెలలు ఖాళీ. తర్వాత వచ్చిన గెస్ట్ ఫ్యాకల్టీ మేడమే నేను పైన చెప్పిన ఆవిడ. అంత బాగా చెప్పే మనిషికి జీతం నెలనెలా రాదని మాకు తెలిసి, సంక్రాంతి ముందు ఆవిడ ముఖం చూడాలంటే ఇబ్బందిగా ఉండేది. లైబ్రరీ ఉంది, బీరువాలకు తాళాలున్నాయి, తాళాలు తీసే ఆయన పన్నెండుకొచ్చి మూడింటికి వెళ్లిపోతాడు. సరిగ్గా మా క్లాసులుండే టైమే అది.

మూడోది పరీక్షలు. వారం ముందు ఆల్ ఇన్ వన్ గైడు కొనుక్కుని, ముఖ్యమైన ప్రశ్నలు పది బట్టీ పట్టి, సైడ్ హెడ్డింగులు స్కెచ్ పెన్నుతో గీసి పేజీలు నింపితే ఫస్ట్ క్లాస్ వచ్చేస్తుంది. నేనూ అదే చేశాను, అబద్ధం ఎందుకు. ఆలోచించి రాసిన ఒక్క జవాబు, ఆ ముల్కీ జవాబే, రెండు పేజీలు రాస్తే మార్కులు తక్కువే పడ్డాయి.

పుస్తకాల మాటకొస్తే తెలుగు అకాడమీవి కొనండి. రాత పొడిపొడిగా ఉంటుంది, కొన్ని పదాలు పలకాలంటే నోరు తిరగదు, అయినా విషయం గట్టిగా ఉంటుంది. ఇంగ్లిష్ మీడియం తీసుకున్న మా ఫ్రెండ్స్ కూడా అర్థం కావడానికి చాటుగా ఇవే చదివేవాళ్లు.

కాలేజీ తీసుకెళ్లకపోయినా మీరే ఓసారి తార్నాకలో ఉన్న స్టేట్ ఆర్కైవ్స్‌కు వెళ్లి రండి. మేం ఐదుగురం ఎవరికీ చెప్పకుండా క్లాసు ఎగ్గొట్టి పోయాం. అక్కడ మొఘలుల కాలం నాటి ఫార్సీ కాగితాలున్నాయి. మాకు ఒక్క అక్షరం అర్థం కాలేదు. కానీ అక్కడి ఉద్యోగి ఒకాయన మమ్మల్ని తరమకుండా, ఒక కాగితం మీదున్న ముద్ర చూపించి ఎవరిదో, ఎందుకు వేస్తారో చెప్పాడు. అప్పట్లో కూడా ముద్ర పడని కాగితానికి విలువ లేదట. నాకు మళ్లీ ఆ సగం స్టాంపే గుర్తొచ్చింది.

ఉద్యోగాలు రావా? ఇది అందరూ అడిగేదే. డిగ్రీ చేతికి రాగానే పిలిచి ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు. గ్రూప్-2 రాసేవాళ్లకు మాత్రం పనికొస్తుంది. తెలంగాణలో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు. అందులో రెండో పేపరు చరిత్ర, పాలిటీ, సమాజం. నాలుగోది తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఏర్పాటు. అంటే 600లో 300 మనం ఎక్కువ భాగం చదివేసిన సరుకే. కానీ అక్కడ అడిగేది బిట్లు, ఇక్కడ నేర్పేది వ్యాసాలు, కాబట్టి కోచింగ్ లేకుండా లాగేస్తానని అనుకోవద్దు. మా బ్యాచ్‌లో కొందరు బీఈడీ చేసి సోషల్ చెబుతున్నారు, ఇద్దరు లాసెట్ రాసి మూడేళ్ల లా చేశారు, ఒకడు వాళ్ల నాన్న ఎరువుల షాపులో కూర్చున్నాడు. రాజకీయాల గురించి వాడితో వాదించి గెలిచినవాళ్లు మండలంలో లేరు.

ఏపీలో చేరేవాళ్లకు ఒక మాట, అక్కడ 2023-24లో సింగిల్ మేజర్ వచ్చింది. ఒకటి మేజర్‌గా, రెండోది మైనర్‌గా తీసుకోవాలన్నారు.  ఒక్కటే మేజర్ ఎంచుకోవాల్సి వస్తే, నన్నడిగితే హిస్టరీని పెట్టుకోండి, పాలిటీ సొంతంగా చదువుకోవచ్చు, పాత కాగితం ముందు పెట్టుకుని దాన్నెలా నమ్మాలో మాత్రం ఎవరో ఒకరు పక్కన కూర్చుని చెప్పాలి. ఉద్యోగం చేసుకుంటూ చదవాలంటే అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది, 1982 నుంచీ నడుస్తోంది, మా అక్క అందులోనే చేసింది, వాళ్లిచ్చే పుస్తకాలు మా గైడ్ల కన్నా చాలా నయం.

ఆప్షన్లు పెట్టే ముందు కాలేజీకి వెళ్లి హిస్టరీకి, పొలిటికల్ సైన్స్‌కి పర్మనెంట్ లెక్చరర్లు ఎంతమంది ఉన్నారో ఆఫీసులో కాదు, సీనియర్లను అడగండి. బోనఫైడ్లు ఒరిజినల్ ఎవరికీ వదిలేయకండి, మూడు సెట్లు జిరాక్స్ తీయించుకోండి. స్టాంపు పూర్తిగా పడిందో లేదో అక్కడే చూసుకోండి.